బావగారి పిక్క, నా ఫస్ట్ ఎయిడ్

ముందే చెప్పేస్తున్నా, మా బావగారు క్షేమం. కాలు కూడా బాగానే ఉంది. కాబట్టి మీరు మొహమాటం లేకుండా నవ్వుకోవచ్చు.

పోయిన నెల మా స్కూల్లో టీచర్లందరికీ ఒకరోజు ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ ఇచ్చారు. రక్తం ధారగా కారుతుంటే గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టాలట. మధ్యలో ఎత్తి చూడకూడదు. తడిస్తే దాని మీదే ఇంకో గుడ్డ వెయ్యాలి. పేషెంట్ అరిచాడని జాలిపడి వదలకూడదు. బొమ్మ మీద నేను చేసిన తీరుకి చప్పట్లు కూడా కొట్టారు. ఇక నన్ను పట్టేదెవరు!

మొన్న ఆదివారం రెంటచింతల దగ్గర మా మిరపకల్లంలో ఉన్నాం. పొద్దుటినుంచీ మొహానికి తువ్వాలు కట్టుకుని, కూలీలతో పాటు నేనూ రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నా. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, పాత రేకు ఒకటి పక్కకి లాగుతున్నారు. అది జారి పిక్క కోసుకుపోయింది. చూస్తుండగానే చెప్పంతా రక్తం. ఆయన మొహం పాలిపోయింది. నాకు నిజంగా భయమేసింది.

ఎవరో పసుపు తెమ్మన్నారు, ఇంకెవరో కాఫీ పొడి అన్నారు.

"గాయంలో ఏమీ పొయ్యకూడదు! తప్పుకోండి!" అని కసిరా.

బావగారి ఎదుట ఇన్నేళ్ళలో కుర్చీలో కూడా కూర్చోనిదాన్ని. అలాంటిది ఆయన్ని పడుకోబెట్టి, మొహానికున్న తువ్వాలు విప్పి మడిచి, పిక్క మీద పెట్టి, ఒంటి బరువంతా వేసి అదిమా. బావగారు గావుకేక పెట్టారు.

"వదులమ్మాయ్! మండతంది!"

"కొంచెం ఓర్చుకోండి బావగారూ, అలాగే ఉంటుంది."

"కొంచెం ఏందమ్మాయ్, చానా మండతంది!"

అచ్చం ట్రైనింగ్‌లో చెప్పినట్టే అరుస్తున్నారు! నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చి ఇంకా గట్టిగా అదిమా. తువ్వాలు తడిసింది. పక్కనున్న కూలీ అక్క తన మొహానికున్నది విప్పి ఇస్తే దాని మీదే వేశా.

"ఒరేయ్, మీ ఆవిణ్ణి లాగరా!" అని బావగారు తమ్ముణ్ణి బతిమాలారు. మా ఆయన ఒకడుగు ముందుకేశాడు. నేను చూసిన చూపుకి రెండడుగులు వెనక్కేశాడు. అంబులెన్స్ వచ్చేదాకా నేను చెయ్యి తియ్యలేదు.

మాచర్లలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టర్‌గారు గుడ్డలు విప్పుతూ రెండుసార్లు తుమ్మారు.

"ఎవరు పట్టుకున్నారు? బాగా పట్టుకున్నారు. రక్తం ఆగింది, లేకపోతే ప్రమాదమే."

సిగ్గుపడుతూ ముందుకొచ్చా.

"మరి ఇంత కారం ఎందుకేశావమ్మా?"

అప్పుడు వెలిగింది నాకు.

కడిగి ఏడు కుట్లేశారు. నిన్న చూడ్డానికి వెళితే బావగారు మంచం మీద కూర్చుని ఉన్నారు.

"ప్రాణం నిలబెట్టావమ్మాయ్, కాదనను. ఈసారి మాత్రం ఆ గుడ్డ ముందు నీ కంట్లో పెట్టుకుని చూసి, తర్వాత నాకు పెట్టు."

ఆ పరీక్ష అప్పుడే అయిపోయిందని ఆయనకెలా చెప్పను? ఆస్పత్రి వరండాలో భయం తీరి ఏడుపొస్తే, ఆ చేతుల్తోనే కళ్ళు తుడుచుకున్నా. పేషెంట్ కంటే నేనే ఎక్కువసేపు ఏడ్చా. "బావగారంటే ఎంత ప్రాణమో!" అని చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.