నాయకుడి ఇంట్లో పదమూడో ఎక్కం

కొత్త సంవత్సరం పూట ఓ జాతీయ నాయకుడు తన ఇంటి తలుపులు అందరికీ తెరిచారని ఈ ఉదయం టీవీలో చూపించారు. వరసలో చాలామంది చేతుల్లో నిమ్మకాయలు. పెద్దవాళ్లను చూడడానికి వట్టి చేతులతో వెళ్లకూడదని మనమూ అలాగే వెళ్లేవాళ్లం, గుర్తుందా?

మూడో తరగతిలో ఉండగా అమ్మతో శ్రీకాకుళంలో ఓ పెద్ద నాయకుడి ఇంటి ముందు అలాంటి వరసలోనే నిలబడ్డాను. నాన్న తెప్ప మీద సముద్రంలో చేపల వేటకు వెళ్లి తొమ్మిది రోజులైంది, తిరిగి రాలేదు. వెతికించమని ఆ నాయకుణ్ణి అడగాలి. అమ్మ చీర ఎండుచేపల వాసన వేస్తోందని ముందున్నవాళ్లు జరిగి నిలబడ్డారు.

"నాకు నోరు పెగలదే. సదువుకున్నదానివి, నువ్వే సెప్పు" అంది అమ్మ.

ఆయన నిమ్మకాయ అందుకుని నా తల నిమిరారు.

"ఎక్కాలు వచ్చా?"

చేతులు కట్టుకుని పదమూడో ఎక్కం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో నా చేతిలో లడ్డూ పెట్టి ముందుకు నెట్టారు.

బయటికొచ్చాక అమ్మ ఆగిపోయింది. "ఒసే, మీ అయ్య సంగతి సెప్పలేదేటే?"

"ఆయన అడగలేదు కదమ్మా."

అమ్మ నన్ను కొట్టలేదు. వెనక్కి పరుగెత్తింది. అప్పటికే గేటు వేసేస్తున్నారు.

"రేపొస్తే ఉంటారేటి బాబూ?"

"సాయంత్రమే ఢిల్లీ వెళ్లిపోతారమ్మా."

నాన్న రాలేదు. ఆ రోజు చెప్పి ఉంటే వచ్చేవాడో లేదో నాకు తెలియదు. చెప్పలేదని మాత్రం తెలుసు.