మేడ మీది వైఫై

నర్సీపట్నంలో నేను కంప్యూటర్ రిపేరు షాపు పెట్టి పదమూడేళ్ళయింది. మిషను పాడైందని మొహం వేలాడేసుకుని వచ్చేవాళ్ళని రోజూ చూస్తాను. పాడైందని తేలగానే సంబరపడిన మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆయన తాతాజీ గారు.

ఆయనది మాకవరపాలెం. టైపు నేర్చుకుని, అది మూలపడ్డాక డీటీపీ నేర్చుకుని, ముప్పయ్యేళ్ళుగా ఆర్టీసీ బస్ కాంప్లెక్స్ ఎదురు సందులోని ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తున్నారు. నాలుగు మండలాల పెళ్ళికార్డులు ఆయన చేతిమీదుగా వెళ్ళాయి. తన కార్డు మాత్రం కొట్టుకోలేదు. ఎందుకని అడిగితే "ఖాళీ ఏదీ?" అంటారు. ఆదివారం అంతా ఖాళీయే, నాకు తెలీదా!

కోటవురట్ల రోడ్డులో ఒక మేడ కింద, వెనక గదిలో ఇరవై ఏళ్ళుగా అద్దెకుంటున్నారు. మేడ మీద ఇంటివాళ్ళు. ఇంటి పెద్దావిడ సింహాద్రమ్మ గారు రిటైరైన నర్సు. ఆరేళ్ళ కిందట వైఫై పెట్టించిన రోజే ఆవిడ మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగి వచ్చి, "ఏటి తాతాజీ, ఒక్క మేడకి రెండు లైన్లేటి? ఇదిగో, ఇది కొట్టుకో" అని పాస్‌వర్డు కాగితం చేతిలో పెట్టారట. ఈ ముచ్చట నేను యాభైసార్లు విన్నాను. ఆ వైఫై కోసమే ఆయన నా దగ్గర పాత లాప్‌టాప్ కొన్నారు. విండోస్ మోయలేని ముసలి మిషను. దానికి తేలికగా నడిచే లైనక్స్ వేశాను. లోపలి వైఫై కార్డు చచ్చిపోయి ఉంటే పక్కన వైఫై అందుకునే గోరంత డాంగిల్ గుచ్చి, దాన్ని నడిపే డ్రైవరు ప్రోగ్రాము కూడా నేనే కట్టి ఇచ్చాను.

సింహాద్రమ్మ గారు పోయి రెండేళ్ళు. ఇప్పుడు కొడుకు మన్మథరావు గారి సంసారం. కిందటి నెల వాళ్ళమ్మాయి ఓణీల ఫంక్షన్ చేశారు. కింద గదిలో ఇంత డీటీపీ మనిషి ఉండగా, కార్డులు విశాఖపట్నంలో కొట్టించారు! తాతాజీ గారు నాకు ఆ కార్డు చూపించి "పేపరు మంచిది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన దాన్ని జాగ్రత్తగా కవర్లో పెట్టుకున్నారు.

ఫంక్షనైన నాలుగు రోజులకి ఫోను చేశారు. "నాగేంద్రా, వైఫై రాట్లేదు. డ్రైవరే పోయుంటాది. బేగి రా."

"ఫోన్లో నెట్ ఉంది కదండీ, తొందరేముంది?"

"ఫోన్లోది నాది. ఇది ఆళ్ళది."

అప్పుడర్థమైంది నాకు. పైవాళ్ళు తనని ఇంకా ఇంటి మనిషిగానే ఉంచారా, తీసేశారా, అదీ ఆయన బెంగ. తప్పు మిషనుదైతే ఆయనకి చాలు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. వైఫై జాబితాలో ఒక్క పేరూ లేదు. డాంగిల్ తగిలించి ఉందని మిషనుకి తెలుస్తోంది కానీ, దాన్ని వాడుకోవడం తెలియట్లేదు. అప్‌డేట్ నొక్కొద్దని చెప్పినా ఏదో అడిగిందని సరే నొక్కేశారట. లైనక్స్‌కి కెర్నల్ అని గుండెకాయ ఒకటుంటుంది. అది మారిపోయింది. పాత కొలతలకి కుట్టిన జాకెట్టులా నా డ్రైవరు కొత్తదానికి పట్టలేదు.

"డ్రైవరేనండీ" అన్నాను.

"నేన్ సెప్పలేదేటి!" అని లేచి నిలబడ్డారు. స్టవ్ వెలిగించి టీ పెట్టారు, పంచదార దండిగా వేశారు. మన్మథరావు ఎంత మంచివాడో, కాలేజీ రోజుల్లో తన పక్కన కూర్చుని ప్రాజెక్టు ఎలా కొట్టించుకునేవాడో చెప్పుకుంటూ పోయారు. ఆయన అంతలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

నెట్టు రావాలంటే డ్రైవరు కావాలి, డ్రైవరు దిగాలంటే నెట్టు కావాలి. ఇదీ మా పనిలో తిప్పలు. నా ఫోనుని కేబులుతో లాప్‌టాప్‌కి కలిపి, కావలసినవి దింపి, డ్రైవరు మళ్ళీ కట్టాను. అరగంట పట్టింది. డాంగిల్ మీద నీలం దీపం వెలిగింది. జాబితాలో ఆరు పేర్లు వచ్చాయి. అన్నిటికంటే పైన, నిండు గీతలతో, "సింహాద్రమ్మ నిలయం".

నొక్కాను. ఆరేళ్ళ పాస్‌వర్డు మిషనులోనే ఉంది, దానంతటదే కలవాలి. కాసేపు తిరిగి తిరిగి, పాస్‌వర్డు అడిగింది.

తాతాజీ గారు ముందుకి జరిగి, కాగితం చూడకుండానే కొట్టారు. మళ్ళీ అడిగింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొట్టారు. ముప్పయ్యేళ్ళ టైపు చెయ్యి, తప్పు కొట్టదు.

"మార్చుంటారండీ. బయటి పిల్లలెవరో వాడేస్తున్నారేమో. మెట్లెక్కి ఒక్కమాట అడగండి, ఇచ్చేస్తారు" అన్నాను.

"అడిగితే ఇత్తారు, ఎందుకివ్వరు? పెద్దమ్మగారు అడక్కుండానే ఇచ్చేరు కదా."

పైన ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. ఇద్దరం ఆ పేరు చూస్తూ కూర్చున్నాం.

"నాగేంద్రా, ఆ డ్రైవరు తీసీ."

"ఏంటండీ?"

"తీసీ బాబూ. మునపట్లాగే ఉంచీ."

నేను కస్టమర్లని కసురుకునే రకాన్ని. చేసిన పని చెడగొట్టమంటే ఇంకొకరినైతే కేకలేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం ఒక్క లైను కొట్టి డ్రైవరు తీసేశాను. నీలం దీపం ఆరింది. ఆరు పేర్లూ పోయాయి, ఆవిడ పేరుతో సహా.

నన్ను సాగనంపడానికి ఆయన బయటికి వచ్చారు. మెట్ల దగ్గర మన్మథరావు గారు ఎదురుపడ్డారు. "ఏంటి తాతాజీ గారూ, మిషను పాడైందా?"

"డ్రైవరు పోయింది బాబూ. ఇంక వైఫై రాదంట" అని తాతాజీ గారు నవ్వుతూ చెప్పి, ఆయన మొహంలోకి చూశారు.

"అయ్యో" అని మన్మథరావు గారు మెట్లెక్కి వెళ్ళిపోయారు. పైన తలుపు పడేదాకా తాతాజీ గారు అక్కడే నించున్నారు.