బిగింపు మేస్త్రి

ఆయన్ని అందరూ బిగింపు మేస్త్రి అనేవారు. ఆయన బిగించిన బోల్టు విప్పాలంటే మళ్ళీ ఆయనే రావాలని షెడ్ల వీధిలో పేరు. ముప్పై ఏళ్ళుగా ఎంత బిగించాలన్నది మోచేతికే వదిలేశాడు. మోచెయ్యి ఇక చాలనేదాకా తిప్పడం, ఆపైన మరో పావు చుట్టు. ఇనుమూ అల్యూమినియమూ ఆ పావు చుట్టును ఓర్చుకున్నాయి.

ఆ రోజు ఒక టాక్సీకి థర్మోస్టాట్ హౌసింగు మార్చాలి. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను ఆపి, ఆ తర్వాత రేడియేటరుకు వదిలే చిన్న తలుపు థర్మోస్టాట్. దాన్ని పొదివి పట్టుకునే డబ్బా హౌసింగు. పాతది అంచుల్లో తెల్లగా పొలుసు కట్టి కారుతోంది. కొత్తది ప్లాస్టిక్‌ది. అది కూర్చునే చోటును మేస్త్రి గీకి, అద్దంలా తుడిచి, కొత్త రబ్బరు రింగు పెట్టాడు. అంతవరకూ వంక పెట్టడానికి లేదు.

డబ్బాతో వచ్చిన కాగితాన్ని బామ్మర్ది చదివాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, ఎనిమిదేళ్ళుగా షెడ్డులో ఆయనకు కుడిభుజం.

"బావా, కొలత పానాతో బిగించమంటున్నారు. ఎక్కువైతే పగులుతుందంట."

"కాగితం బిగిస్తుందా, నేను బిగిస్తానా? నువ్వు చదువుకో. నన్ను పని చేసుకోనీ."

పావు చుట్టు తిప్పాడు. ఎక్కడో చిటుక్కుమంది. ఆయనకు వినబడింది. వినబడనట్టే బానెట్ మూశాడు.

నాలుగో రోజు ఆ టాక్సీ నడిరోడ్డు మీద పొగలు కక్కింది. డ్రైవరు పక్క సీట్లో ఉన్న కూతుర్ని దింపి, దూరంగా ఓ దుకాణం మెట్ల మీద నిలబెట్టి వచ్చాకే బానెట్ ఎత్తాడు. ఒత్తిడిలో నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉన్న నీరు, పగులు విచ్చుకోగానే ఆవిరై ఎగజిమ్మింది. మెడ, ఛాతీ, కుడి చెంప. చొక్కా లాగితే చర్మం కూడా దాంతోపాటే వచ్చింది. మెట్ల మీది పిల్ల కేకలకు జనం పోగయ్యారు.

సాయంత్రం డ్రైవరు సొంత అన్న మరో ఇద్దరిని వెంటబెట్టుకొని షెడ్డుకు వచ్చాడు. ఒక చేతిలో చక్రాల పానా. రెండో చేతిలోని పగిలిన డబ్బాను నేలకేసి కొట్టాడు.

"ఎవడ్రా ఇది బిగించింది?"

బామ్మర్ది గుమ్మంలో ఉన్నాడు, మేస్త్రి లోపల జాకీ పక్కన. "అన్నా, ముందు కూర్చోండి..." అంటుండగానే పానా బామ్మర్ది భుజం మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు లోపలికి వినబడింది. మేస్త్రి గొంతుకు ముప్పై ఏళ్ళ పేరు అడ్డం పడింది.

"నువ్వేనా? చెప్పరా!"

బామ్మర్ది బావ వైపు ఒక్కసారి చూశాడు. నోరు విప్పలేదు. రెండో దెబ్బ మోకాలి మీద. కుప్పకూలాడు. మూడోది తల మీద. నెత్తురు చెవి మీదుగా కారి, నేల మీది నల్లటి నూనెలో కలిసింది.

"నేనే! నేనే బిగించాను! వాడు వద్దనే అన్నాడు!"

మేస్త్రిని బల్ల దగ్గరికి ఈడ్చారు. కుడి చేతిని, ఇనుప ముక్కల్ని నొక్కిపట్టే వైసు దవడల మధ్య పెట్టారు. "ఎక్కడ ఆపాలో చెప్పు మేస్త్రీ" అంటూ డ్రైవరు అన్న పిడి తిప్పాడు. తిప్పుతున్నంతసేపూ అతను ఏడుస్తూనే ఉన్నాడు. ఎదురు షెడ్డువాళ్ళు పరిగెత్తుకొచ్చి విడిపించేసరికి రెండు వేళ్ళు పిప్పి అయ్యాయి.

ఆసుపత్రిలో బామ్మర్ది తలకు తొమ్మిది కుట్లు వేశారు. ఎలా జరిగిందని అక్క ఎన్నిసార్లు అడిగినా, "ఏదో గొడవలే అక్కా" అన్నాడు తప్ప బావ మాట ఎత్తలేదు. ఆమె వరండాలోకి వచ్చి భర్త ఎదుట నిలబడింది. మేస్త్రి అంతా చెప్పాడు. కాగితం, పావు చుట్టు, చిటుక్కుమన్న చప్పుడు, ఏదీ దాచలేదు.

"వాడికి ఎన్ని దెబ్బలు పడ్డాక నోరు తెరిచారు?"

ఒక్కటే అని అబద్ధం ఆడొచ్చు. చూసిన సొంతవాడు బామ్మర్దొక్కడే, వాడు చెప్పడు.

"మూడు" అన్నాడు.

ఆమె ఆయన చెంప ఛెళ్ళుమనిపించింది. కట్టు కట్టిన చెయ్యి గోడకు తగిలి ఆయన ప్రాణం జిల్లార్చుకుపోయింది. "అన్నం పెట్టిన చేత్తోనే కొడుతున్నా, సిగ్గుందా నీకు?" అంది. పెళ్ళయ్యాక ఆయన్ని ఏకవచనంతో పిలవడం అదే మొదలు. ఇంకోటి కొట్టింది. మూడోదానికి ఆయన కళ్ళు మూసుకొని ఎదురుచూశాడు. ఎంతకీ పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆమె తమ్ముడి మంచం దగ్గరుంది.