మొలతాడు కింద వేలు

ఎనభైలలో నేను వరంగల్‌లో ఒక దవాఖానలో కొత్త డాక్టర్ని. పిల్లల వార్డులో నెక్కొండ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి ఉండేది. మాటిమాటికీ మూడేళ్ల కొడుకు మొలతాడు కింద వేలు దూర్చి చూసేది. అది బిగుతైతే, పిల్లగాడు ఒళ్లు చేసిండని ఇంట్లో మొదట అందరూ సంబరపడ్డారట. తీరా చూస్తే కిడ్నీలో క్యాన్సర్ గడ్డ.

"ఒకటే పెరుగుడాయె. ఇగ బస్ అని చెప్పేటిది లోపల ఏదీ లేదా డాక్టరమ్మా?" అని అడిగేది. అప్పుడు నాకు తెలియదు. క్యాన్సర్ జన్యువుల నోరు మూయించే చిన్న ఆర్‌ఎన్‌ఏలు కణంలోనే ఉంటాయని, కొందరు పిల్లల్లో అవి తగ్గిపోయి ఇలాంటి గడ్డలు పెరుగుతాయని ఈమధ్యే చదివాను.

గడ్డ తగ్గడానికి మందు ఎక్కిస్తున్నాం. కూలి మానుకొని వచ్చిన భర్త ఒకసారి తెగేసి చెప్పాడు. "మళ్ల నేనొచ్చేవరకు తగ్గకుంటే ఇంటికి తోలుకపోత."

అతను మళ్లీ వచ్చే రోజు ఆమె నన్ను చేయిపట్టి మంచం దగ్గరికి లాక్కెళ్లింది. "చూడుండ్రి, వదులైంది." నిజమే, నా వేలు సులువుగా దూరింది. కడుపు మాత్రం ఇంకా ఉబ్బింది. మొలతాడుకు వెనకాల కొత్త ముడి, కొత్త నల్లదారం అతుకు.

నేను చూశానని ఆమెకు తెలిసింది. "ఆయన వస్తాండు. జర మీరు గూడ చెప్పుండ్రి."

అతను రాగానే "వదులైంది" అన్నాను. అతను తానూ వేలు దూర్చి, మెల్లగా వీపు దాకా జరిపాడు. ముడి దగ్గర వేలు ఆగింది. భార్య నేల చూపులు చూస్తోంది.

"అవును, వదులైంది" అన్నాడు.