ఫైర్‌వాల్ తీసిందెవరు

మా గురువుగారు పోయారని ముక్తేశ్వరం నుంచి ఫోనొచ్చింది. గుండెపోటట. అమలాపురంలో మేమిద్దరం పనిచేసిన ఇంటర్నెట్ సెంటరు ఓనరుకి నేనే చెప్పాను. "అయ్యో, ఎప్పుడండీ?" అని, ఆ వెంటనే ప్రింటరు గురించి మాట్లాడాడు. అతన్ని తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సెంటరుకి నేను మేనేజర్ని, కంప్యూటర్లు చూసుకునే పని ఆయనది. నాకు ఈ విద్య నేర్పిందీ ఆయనే. కీబోర్డు మీద చెయ్యి వేసేముందు చేతులు శుభ్రంగా తుడుచుకునేవారు. మెషీన్లో ఏ రూలు మార్చాలన్నా పాతది కాగితం మీద రాసుకునేవారు. "ముందు చూడండి, తర్వాత ముట్టుకోండి" అనేవారు. నాకు విసుగొచ్చేది.

అవి కంప్యూటర్లో మాట్లాడే నెట్ ఫోన్లు వచ్చిన కొత్త. గల్ఫ్‌లో ఉన్న భర్తలతో మాట్లాడటానికి ఆడవాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. మధ్యలో అవతలి గొంతు హఠాత్తుగా ఆగిపోయేది. అందరం లైనుని తిట్టాం. ఎవరు ఎప్పుడు ఏం చేశారో మెషీను రాసిపెట్టుకునే లాగ్‌ని గురువుగారు రెండ్రోజులు చూశారు. మూడోరోజు మెషీను వదిలేసి, క్యాబిన్ల దగ్గర కుర్చీ వేసుకుని మనుషుల్ని చూశారు. అవతలివాళ్ళ మాట పూర్తయ్యేదాకా మా వైపు ఇల్లాళ్ళు నోరు విప్పరు. పిల్లల సంగతి వస్తే అటూ ఇటూ మాట ఆగిపోయేది.

"దొరికిందండి" అన్నారు. "లోపల్నుంచి ఎవరు పలకరించేరో మన కాపలా గోడ, ఈ ఫైర్‌వాల్, గుర్తు పెట్టుకుంటుంది. వాళ్ళకొచ్చే జవాబునే రానిస్తుంది. ఇద్దరూ అరనిమిషం ఊరుకున్నారనుకోండి, మర్చిపోతుంది. తర్వాత మొగుడు పిలిచినా ఎవరో కొత్తోడని ఆపేస్తుందండి."

ఆ అరనిమిషం గడువు పెంచితే చాలు, సాయంత్రం దాకా పరీక్షించి మారుస్తానన్నారు. ఓనరు ఆగలేదు. "ఆ గోడే తీసి పారెయ్యండి మేనేజరుగారూ" అన్నాడు. "ఆయ్, అలాగేనండి" అన్నాను. గురువుగారు భోజనానికి వెళ్ళగానే ఫైర్‌వాల్ రూల్సన్నీ తీసేశాను. ఆయన తిరిగొచ్చేసరికి వైరస్ దూరి మెషీన్లన్నీ పడుకున్నాయి.

"ఏం చేసేరండీ మా సెంటర్ని?" అని ఓనరు అందరి ముందూ ఆయన మీద విరుచుకుపడ్డాడు. తీయమన్నది తనేనని అతనికి తెలుసు. గురువుగారు లాగ్ తెరిచారు. అందులో నా పేరుంది. నా వైపు తిరిగి, నేను చెబుతానని కాసేపు చూశారు. నేను హెడ్‌ఫోన్ల వైర్లు చుడుతూ నిలబడ్డాను.

ఆయన లాగ్ మూసేసి, పని వదిలి వెళ్ళిపోయారు. ఊళ్ళో ఇంకే సెంటరూ ఆయనకి పనివ్వలేదు. మెషీన్లు ఆయనే పాడుచేశారని ఓనరు ప్రచారం చేసిన మాటని నేనెక్కడా కాదనలేదు. ఉద్యోగం కాపాడుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గులేనితనం అది.

ఆయన పోయిన పదోరోజున ముక్తేశ్వరంలో వాళ్ళింటికి వెళ్ళాను. గురువుగారి భార్య మజ్జిగ తెచ్చి నా ముందు పెట్టారు.

"ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఆ మెషీన్లు పాడుచేసింది ఈయనేనాండీ? ఎన్నిసార్లడిగినా చెప్పేవారు కాదు."

"కాదండి పిన్నిగారూ. నేను చేసేను."

"ఆయ్" అన్నారావిడ. నేనింకా ముట్టని మజ్జిగ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.