గిన్నెలో చింతగింజ

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలరాయుణ్ణి. దోమ కుడితే పులి కరిచిందని చెప్పే రకం. కాబట్టి ఇన్నేళ్లుగా గుండెలో ఒక కొండ మోస్తున్నానంటే మీరు సగానికి సగం తీసేసుకోండి. మిగిలిన సగమూ తక్కువేం కాదు. ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా.

తెలంగాణ ఉద్యమం రోజులు. ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ వెళ్లే దారిలో, ఓ సందులో, యాదమ్మ ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్లం. మాది తెనాలి పక్క, ఆమెది నల్లగొండ పక్క. నేను దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాణ్ణి. బంద్ అంటే నాకు సెలవు. ఆ బంద్‌ల అందం ఇప్పుడేదీ! హైవే మీద లారీ లేదు, హారన్ లేదు. పిల్లలు చౌరస్తాలో సిక్సర్ కొడితే బంతి విజయవాడలో పడేది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తే, ఆ పప్పుచారు వాసనకి నా ఆంధ్రా ఆకలి కూడా ఉద్యమంలో చేరిపోయింది.

యాదమ్మ కూతురు అఖిలకి నాలుగేళ్లు. పుట్టు చెవిటి. సర్కారు పథకంలో ఆపరేషన్ అయింది. చెవి వెనక, లోపల ఓ చిన్న పరికరం పెట్టారు. బయట చెవికి తగిలించే మిషను, దాన్నుంచి ఓ తీగ, తీగ చివర అయస్కాంతంతో తలకి అంటుకునే బిళ్ళ. మాటలు నేర్పే మేడం ఒక నియమం పెట్టింది. రోజూ పొద్దున్నే పిల్ల వెనక నిలబడి, నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ఆ, ఈ, ఊ, మ్, శ్, స్ అనాలి. వినబడినప్పుడల్లా పిల్ల గిన్నెలో చింతగింజ వేయాలి. వేయలేదంటే మిషను చెడినట్టే. వెంటనే తీసుకురావాలి.

యాదమ్మ తెల్లారకుండానే హాస్టల్ వంటకి వెళ్లిపోయేది. భర్త లారీ మీద ఊళ్లు తిరిగేవాడు. ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపింది.

“సారూ, పొద్దుగాల ఎట్లయినా ఇంట్లనే ఉంటరు గద. గా చింతగింజల ముచ్చట జర మీరు చూస్తరా?”

“చూస్తానమ్మా. కానీ నా దగ్గర నేర్చుకుంటే మా తెనాలి మాటలు అబ్బుతాయి. తర్వాత నన్ననకూడదు.”

“గోదారి మాటలన్న రానీ, క్రిష్ణ మాటలన్న రానీ. తిట్లొచ్చినా సరే సారూ. నా బిడ్డ నోట్లకెళ్లి మాటొస్తే చాలు.”

నేనేదైనా మామూలుగా చేస్తానా? ‘ఆ’ అంటే ఛాతీ ఉబ్బేది, ‘ఊ’ అంటే భుజాలు చెవులదాకా లేచేవి. టంగుమని గింజ పడేది. నేను ‘భేష్!’ అని గంతేస్తే పిల్ల వెనక్కి తిరిగి పకపకా నవ్వేది. చూడ్డానికి సందు సందంతా వచ్చేది. సరే, నలుగురు. మమ్మల్ని ‘ఆంధ్రోళ్లు’ అని వేరుగా చూస్తున్న ఆ రోజుల్లో యాదమ్మ అందరి ముందూ ‘మా సారు’ అనేది. ఆ మాట కోసం నేను ఏమైనా చేసేవాణ్ణి. చేశాను కూడా.

కొన్నాళ్లకి మిషను తీగ లోపల తెగిపోయింది. పైకి కనబడదు. పిల్లకి మళ్లీ నిశ్శబ్దం. అయినా గింజలు పడుతూనే ఉన్నాయి. ఎలా? ఎదురుగా ఆపేసి ఉన్న యాదమ్మ వాళ్ల పాత టీవీ. ఆ నల్లటి అద్దంలో నా భుజాలు ఎగరడం చూసి వేస్తోంది. నాకది తట్టలేదు. “ఇంటున్నదా సారూ?” అని యాదమ్మ అడిగిన ప్రతిసారీ “బ్రహ్మాండంగా!” అన్నాను. మేడం దగ్గరికి వెళ్లాల్సిన రోజుల్లో “బస్సుల్లేవు, బాగానే వింటోంది కదా, తర్వాత వెళ్దాం” అన్నాను. నా స్కూటర్ వాకిట్లోనే ఉంది.

నెలలు గడిచాక వెళ్లాం. మేడం పిల్లని ఖాళీ గోడకేసి కూర్చోబెట్టి నన్ను చేసి చూపించమంది. ‘ఆ’ అన్నాను. గింజ పడలేదు. మళ్లీ అన్నాను. ఇంట్లో పిల్లకి ఎదురుగా ఏముంటుందని అడిగింది. టీవీ అన్నాను. ఆమె నా భుజాల వంక చూసింది. లోపల తెగిన తీగ మార్చి, మాటలు నాటుకోవాల్సిన వయసులో అన్ని నెలలు పోయాయని మాత్రం యాదమ్మతో చెప్పింది.

తిరిగి వచ్చే దారిలో యాదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “గీ బంద్‌లే పరేషాన్ జేసినయ్ సారూ. మీరేం జేస్తరు!” నేను తలూపాను. ఊరు ఊరంతా రోడ్డెక్కి పోరాడుతుంటే, నా తప్పు తీసుకెళ్లి వాళ్ల నెత్తిన పెట్టాను.

అఖిల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఫోన్ చేసి “అంకుల్, మంచిగున్నరా?” అంటుంది. మాటలన్నీ వస్తాయి. ‘స’ మాత్రం సగంలో జారిపోతుంది. ఆ నెలల వల్లేనా? ఏమో. కాదని ఎవరైనా అంటే బాగుండునని ఎంత ఆశ! కానీ అడగాలంటే ముందు చెప్పాలి కదా.

ఇదిగో, మీకు చెబుతున్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది. విజయవాడలో పడిన బంతిని మీరెలాగూ నమ్మి ఉండరు. నేను నిజంగా కల్పించింది ఒక్కటే, ‘నాకది తట్టలేదు’ అన్న మాట. గింజ పడని మొదటి పొద్దున టీవీ మీద గుడ్డ కప్పి ఉంది. దుమ్ము పడకుండా యాదమ్మ రోజూ రాత్రి కప్పేది. పిల్ల బిక్కమొహం వేస్తే టీవీలో బొమ్మలు పెడదామని గుడ్డ తీశాను. టీవీ ఇంకా వేయలేదు. ఎందుకో ఇంకోసారి ‘ఆ’ అన్నాను. గింజ పడింది. అద్దంలో పిల్ల కళ్లూ నా కళ్లూ కలిశాయి.

ఆ తర్వాత ప్రతి పొద్దునా, పిల్లని కూర్చోబెట్టే ముందు, ఆ గుడ్డ తీసి మడతపెట్టింది నేనే.