క్లచ్చి లేని కారు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా! మా భట్టిప్రోలు సంఘంలో నన్ను కుంటి దానియేలు అంటారు. ఆ పేరంటే నాకు కోపం లేదు, ఎందుకు లేదో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను!

నేను లారీ డ్రైవర్ని. రేపల్లె, నిజాంపట్నం వైపు ఊళ్ల నుంచి ధాన్యం ఎత్తుకుని తెనాలి మిల్లులకు తోలేవాణ్ని. స్టీరింగు చేతికొస్తే నాకు ఆకలి కూడా తెలిసేది కాదు. అలాంటిది ఒక మధ్యాహ్నం తెనాలిలో ఒక మిల్లు వాకిట్లో లారీ పక్కన నిలబడి ఉండగా పేర్చిన బస్తాలు జారి నా ఎడమ కాలి మీద పడ్డాయి! ఎముక అతుక్కుంది గాని మోకాలి కింద నరాలు చచ్చిపోయాయి, పాదం వేలాడిపోయింది, సూది గుచ్చినా తెలియదు. క్లచ్చి తొక్కలేని డ్రైవరు ఎవరికి కావాలి? లారీ యజమాని జాలిపడ్డాడు, జాలిపడుతూనే ఇంకొకణ్ని పెట్టుకున్నాడు. నా భార్య కరుణమ్మ నాట్లకు వెళ్లి తెచ్చిన కూలితో నాకు అన్నం పెట్టేది. గోరుచుట్టు మీద రోకలి పోటులా, మా ఇంటి ముందు నుంచి లారీ వెళ్లినప్పుడల్లా గేరు మారే చప్పుడు వినబడేది, వినబడగానే నా చెయ్యి గేరు రాడ్డు కోసం గాలిలో వెతుక్కునేది. అప్పుడు ఏడుపు ఆగేది కాదు.

బాపట్లలో పందిరి వేసి స్వస్థత కూటాలు పెట్టారంటే కర్ర పట్టుకుని వెళ్లాను. దైవజనులు నూనె రాశారు, తల మీద చేతులుంచారు, నేను గొంతెత్తి ప్రార్థించాను. "ప్రభువా, నాకు మేడలొద్దు, మాన్యాలొద్దు, ఈ ఎడమ కాలొక్కటి ఇయ్యి తండ్రీ, క్లచ్చి తొక్కుకుని బతుకుతాను!" నా పక్కనున్న ముసలాయనకు చెవులు వినబడ్డాయని జనమంతా చప్పట్లు కొడితే నేనూ కొట్టాను, నా కాలు మాత్రం తడిగుడ్డలా అలాగే ఉంది. ఇంటికొచ్చి దేవునితో దెబ్బలాడాను. నేనడిగింది అంత పెద్ద కోరికా, పక్కవాడికి వినబడిన నా కేక నీకు వినబడలేదా అని గోడకు తిరిగి పడుకున్నాను. కరుణమ్మ మాత్రం, "అడిగింది ఇయ్యకపోతే ఇంకోటి ఇత్తాడేమో, నోరు మూసుకుని కనిపెట్టుకో" అంది.

ఇక డ్రైవరు బతుకు ముగిసిందనుకుని, ఆ తెనాలి మిల్లులోనే గేటు దగ్గర కావలి పని అడుగుదామని వెళ్లాను. వెళ్లేసరికి వాకిలంతా జనం! మధ్యలో ఒక కారు, సహోదరులారా, అలాంటి కారు నేను పుట్టి ఎరగను! గది అంత ఉంది, లోపల తోలు సీట్లు, పక్కల చెక్క పలకలు, స్టీరింగేమో ఎడమ వైపు! మద్రాసులో ఒక దొర స్వదేశానికి వెళ్లిపోతూ అమ్మితే మా మిల్లు యజమానిగారు కొన్నారు, పెనుమూడి దగ్గర ఆయన పొలాలకు వానాకాలం వెళ్లాలంటే నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి మరి. దాని గేర్లు అవే మారతాయి, క్లచ్చి అసలు లేదు! కింద ఉన్నవి రెండే: యాక్సిలరేటరు, దాని పక్కన పీటంత వెడల్పు బ్రేకు.

తెనాలిలో పేరున్న డ్రైవర్లంతా వచ్చి తోలి చూశారు. బయలుదేరడం బాగానే బయలుదేరేవారు, మలుపు దగ్గర వేగం తగ్గించాలనుకునేసరికి కొన్నేళ్ల అలవాటు కొద్దీ ఎడమ కాలు క్లచ్చి కోసం దిగి ఆ వెడల్పు బ్రేకును బలంగా తొక్కేది! కారు నేలకు మేకు కొట్టినట్టు ఆగిపోయేది, ముందు సీట్లో యజమానిగారి నుదురు అద్దానికి కొట్టుకునేది! ఆయన నుదుటి మీద బొప్పి మీద బొప్పి. "ఈ దెయ్యప్పిండాన్ని రేపే అమ్మేత్తాను!" అని ఆయన కేకలేస్తున్నారు.

"అయ్యా, నన్నోసారి తోలనియ్యండి" అన్నాను. మిల్లు మేస్త్రీ పకపకా నవ్వాడు. "రెండు కాళ్లున్నోళ్లకే లొంగలేదు, నీ ఒంటికాలికి లొంగుద్దంట్రా?" అన్నాడు. యజమానిగారు నుదురు తడుముకుంటూ, "పోనీలే, ఇంకో బొప్పి" అని ఎక్కారు.

ప్రభువా నీదే భారం అనుకుని కుడి కాలు ఆనించాను. కదిలింది! మిల్లు గేటు దాటింది, మలుపు తిరిగింది, కాలవ గట్టున పరుగెత్తింది, ఎక్కడా కుదుపు లేదు, నీళ్లలో పడవ వెళ్లినట్టు వెళ్లింది! తిరిగొచ్చి ఆపితే యజమానిగారు నా వైపు చూసి, "ఏంట్రా దానియేలూ, నువ్వెట్టా తోలావు?" అన్నారు.

"అయ్యా, వాళ్ల ఎడమ కాలు ఊరుకోదండి, క్లచ్చి కోసం ఎగబడుద్దండి. నాది లెగవదండి" అన్నాను. అని, నా మాట నా చెవినే పడి, స్టీరింగు మీద తల పెట్టి భోరుమన్నాను! ఏ కాలు కోసం దేవునితో దెబ్బలాడానో ఆ కాలే నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టింది! కాలిమ్మంటే, ఆ కాలు అక్కర్లేని కారు సముద్రం దాటించి తెనాలి తెచ్చాడు! దేవునికే మహిమ!

ఆ కారుకు యజమానిగారు నన్నే డ్రైవరుగా పెట్టుకున్నారు. ఆ ఏటి వానల్లోనే పెనుమూడిలో యజమానిగారి తల్లికి ఆయాసం ముంచుకొచ్చింది. రేపల్లె దారి బురద, బస్సులు ఆగిపోయాయి, ఎడ్లబండి కూడా దిగబడింది. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి బయలుదేరాను, నడిమధ్య కారు జారి ఆగింది, ఆమె ఎగశ్వాస నాకు వినబడుతోంది. "తండ్రీ, నన్నిక్కడిదాకా తెచ్చి బురదలో వదలొద్దు!" అని నాలుగు చక్రాల రాడ్డు లాగి నెమ్మదిగా కాలు ఆనించాను. నాలుగు చక్రాలూ కూడబలుక్కున్నట్టు బురదను పట్టుకుని పాకుతూ పైకొచ్చాయి! తెనాలి ఆసుపత్రిలో ఆమెకు ఊపిరి తిరిగాక, "ఉయ్యాల్లో తెచ్చావు అబ్బాయ్" అని నా చెయ్యి పట్టుకుంది. కరుణమ్మ ఆ ఏడు నాట్లకు వెళ్లలేదు.

మొన్న ఆదివారం మా పాస్టరయ్యగారు, "దానియేలూ, నీ కాలు కోసం మళ్లీ ప్రార్థన చేద్దామా?" అన్నారు. "చేయండి అయ్యగారూ, కాని అది బాగైతే బ్రేకు మీదికి దూకకుండా ఉండాలని కూడా కలిపి చేయండి" అన్నాను. సంఘమంతా నవ్వింది, నేనూ నవ్వాను!

సహోదరులారా, మీలో చచ్చుబడి ఉన్నదేదో నాకు తెలియదు, మీకు తెలుసు. దాన్ని దాచుకోకుండా ఆయన దగ్గరకు తీసుకురండి. బాగుచేస్తే స్తోత్రం! బాగుచేయకపోతే గోడకు తిరిగి పడుకోకండి, వాకిట్లోకి రండి, మీ కోసం ఏ బండి వచ్చి ఆగి ఉందో చూడండి!